నరేంద్రుని రాయపూరు వాసము

పిల్లలకు మంచి చెప్పని తల్లిదండ్రులు లోకమున అరుదు. ఐనను చెప్పిన మంచి యంతయు పిల్లలకు పట్టుబడుట లేదు. పసివాడు పెద్దలు చెప్పినదానిని మరచును గాని, చేసినదానిని మరువడు. ఇది యెల్లరు ఎరిగినదే. ఇంతకంటె కష్టమైన విషయ మింకొకటి కలదు. బిడ్డ మంచివాడు కావలెనని కోరు తల్లిదండ్రులు, వాడు తమవంటివాడు కావలెననియు కోరుదురు. ఈ రెండు కోరికలు ఒకటి కావు. మొదటిదానిని గట్టిగ పట్టుకొని, రెండవదానిని విడువగలిగిన గృహస్థులు కొలదిమంది. వివేకానందస్వామి తండ్రియగు విశ్వనాథదత్తు అట్టివారిలో నొకడు. స్వామి బాల్యమున సుమారు రెండేండ్ల కాలము ఆ తండ్రి చెంత రాయపూరు పట్టణమున గడచినది. ఆ దినములలో ఆయనకు పాఠశాల లేదు. ఇల్లే బడి, తండ్రియే గురువు. ఆ రెండేండ్లను, వాని ముందు వెనుకలను తెలిసికొన్నచో, ఒక మహాపురుషుని వ్యక్తిత్వము గృహమున ఎట్లు పోషింపబడెనో కొంతవరకు బోధపడును.

నరేంద్రనాథుడు 1863వ సంవత్సరము జనవరి 12వ తేదీన, మకర సంక్రమణ పుణ్యదినమున, కలకత్తా నగరమునందలి సిమూలియా పేటలో, గౌరమోహన ముఖర్జీ వీధిలోని దత్తుల యింట జన్మించెను. ఆ యింటికి వైరాగ్యము క్రొత్తది కాదు. పితామహుడగు దుర్గాచరణదత్తు నిండు యౌవనమున, కుమారుడింకను పసివాడై యుండగనే, సంసారమును విడిచి సన్న్యాసియై వెడలిపోయెను. ఆ పసివాడే విశ్వనాథుడు. తండ్రి నీడ యెట్టిదో ఎరుగక బంధువుల నడుమ పెరిగి, చదువుకొని, కలకత్తా హైకోర్టులో అటార్నీయై, ఆయన స్వశక్తిచేతనే పైకి వచ్చెను. ఆంగ్ల పారసీక భాషలు రెండును ఆయనకు బాగుగ వచ్చును. బైబిలును, హాఫిజు కవితలను ప్రీతితో చదువుచుండెను. సంగీతమన్న చెవి కోసికొనును. స్వయముగ వంట చేసి పదిమందికి వడ్డించుట ఆయనకు వేడుక. సంపాదించినదానిని దాచుకొనుట మాత్రము తెలియదు. దూరపు చుట్టములు, పేద విద్యార్థులు, అక్కరగలవారు ఎవరు వచ్చి అడిగినను ఆయన లేదనలేదు.

తల్లి భువనేశ్వరీదేవి మగబిడ్డ కొరకు కాశీ క్షేత్రమున వీరేశ్వరునికి పూజలు చేయించి కన్న కుమారుడు నరేంద్రుడు. అందుచేతనే అతనికి వీరేశ్వరుడని తొలిపేరు. బిలే యనునది ముద్దుపేరు. పసితనమున అతని అల్లరికి మేర లేదు. కోపము వచ్చినప్పుడు ఎవరు పట్టినను ఆగడు. అప్పుడు తల్లి అతని తలపై చన్నీళ్లు పోసి, చెవిలో శివనామము పలుకుచుండెను, బాలుడు శాంతించుచుండెను. రామాయణ భారత కథలను, ఆంగ్లాక్షరములను సైతము అతడు మొదట తల్లియొద్దనే నేర్చెను. ఒకమారు పాఠశాలలో భూగోళ పాఠము జరుగుచుండగా, నరేంద్రుడు సరిగనే చెప్పినను ఉపాధ్యాయుడు తప్పనుకొని కొట్టెను. బాలుడు తాను చెప్పినదే సరియని పట్టు విడువలేదు. ఉపాధ్యాయుడు పిమ్మట తన పొరపాటు గ్రహించెను. ఏడ్చుచు ఇంటికి వచ్చిన కుమారునితో ఆ తల్లి ఉపాధ్యాయుని నిందింపలేదు, కుమారుని అణగియుండు మనియు చెప్పలేదు. నీవు చెప్పినది నిజమైనచో దెబ్బలను లెక్కింప పనిలేదనియు, ఫలితమెట్టిదైనను సత్యమును విడువరాదనియు మాత్రము బోధించెను. ఇట్లు ఆ యింట తల్లి సత్యనిష్ఠను నేర్పెను. ఆ సత్యమును స్వయముగ వెదకికొను స్వాతంత్ర్యమును తండ్రి ఇచ్చెను.

విశ్వనాథుని పద్ధతి విచిత్రమైనది. ఆయన యింటికి పలు కులముల కక్షిదారులు వచ్చుచుండిరి. నాటి ఆచారము ననుసరించి చావడిలో ఒక్కొక్క కులమువారికి ఒక్కొక్క హుక్కా వేరుగ నుండెను. కులము పోవుట యన నేమో బాలునికి బోధపడలేదు. ఒకనాడు ఎవరును లేని సమయమున అతడు హుక్కాల నన్నిటిని వరుసగ పీల్చి చూచుచుండగా తండ్రి వచ్చెను. ఏమి చేయుచున్నావని అడుగగా, కులము కట్టుబాటును మీరినచో ఏమగునో పరీక్షించుచున్నానని బాలుడు నిర్భయముగ చెప్పెను. తండ్రి వానిని కొంటెవాడని చిన్నగ అని, ఆలోచించుచు తన చదువుగదిలోనికి పోయెను. దెబ్బ లేదు, శాపము లేదు, దీర్ఘోపన్యాసమును లేదు. అడిగిన ప్రశ్న సత్యమైనదని ఆ తండ్రి ఎరుగును.

ఇంతమాత్రముచేత ఆయన తప్పులను చూచి చూడనట్లు పోవువాడని తలపరాదు. ఒకనాడు నరేంద్రుడు తల్లితో తగవాడి కఠినముగ మాటలాడెను. ఆ సంగతి విన్న విశ్వనాథుడు కుమారుని పిలువలేదు, కేక వేయలేదు. నరేంద్రుడు తన మిత్రులతో కూర్చుండు గది తలుపుపై బొగ్గుతో, నరేనుబాబు ఈదినము తన తల్లితో ఈ మాటలు పలికెనని వ్రాసి, ఆ మాటలను దాని క్రింద ఉన్నవి ఉన్నట్లు వ్రాసి వెడలిపోయెను. వచ్చిన మిత్రులెల్లరు ఆ తలుపును చూచిరి. నరేంద్రుడు సిగ్గుతో తలవంచుకొనెను. తన మాటలను తానే అద్దమున చూచుకొన్నట్లయ్యెను. తండ్రి తీర్పు చెప్పలేదు. తీర్పు చెప్పు భారమును కుమారుని మనస్సునకే విడిచెను. అట్టి శిక్ష ఆ వయస్సున ఎంత బాధించునో ఊహింపవచ్చును. కాని అది తన్ను తాను తెలిసికొనుటకు త్రోవ చూపిన శిక్ష.

1877వ సంవత్సరమున విశ్వనాథుడు తన వృత్తి కార్యములకై మధ్యపరగణాలలోని రాయపూరునకు పోవలసివచ్చెను. అచట చాలకాలము ఉండవలసియుండుటచే కుటుంబమును రప్పించుకొన నిశ్చయించెను. తల్లిని, తమ్ముని, చెల్లెలిని వెంటబెట్టుకొని పోవు భారము నరేంద్రునిపై పడెను. అతనికప్పుడు 14 ఏండ్లు. ఆ దినములలో రాయపూరు వరకు రైలు లేదు. ప్రయాగ, జబల్పూరుల మీదుగ పోయి, పిమ్మట దట్టమైన అడవుల గుండ ఎడ్లబండ్లపై పదునైదు దినములకు పైగా ప్రయాణము చేయవలెను. దొంగల భయము, మృగముల భయము ఉన్న త్రోవ అది. ఇంత భారమును ఆ వయస్సువానికి అప్పగించుటయే ఆ తండ్రి నేర్పిన మొదటి రాయపూరు పాఠమని చెప్పవచ్చును. నమ్మి భారము నొప్పగించినచో పిల్లవాడు పెద్దవాడగును.

ఆ ప్రయాణము నరేంద్రునికి వేరొక కానుకను సైతము ఇచ్చెను. వింధ్య పర్వత ప్రాంతమున త్రోవకిరువైపుల శిఖరములు ఆకాశమును తాకుచుండెను. చెట్లు పూవులతో ఫలములతో వ్రాలి, పక్షుల కూతలతో అడవి నిండియుండెను. ఒకచోట కొండ చీలికలో, పైనుండి క్రింది దాక వ్రేలాడుచు, ఎన్నియో ఏండ్లుగ తేనెటీగలు కట్టిన గొప్ప తేనెపట్టు కనబడెను. ఆ చిన్ని జీవుల రాజ్యము ఎప్పుడు మొదలయ్యెనో, ఎట్లు నిలిచెనో యని ఆలోచించుచు నరేంద్రుడు, ముల్లోకములను నడపు అనంతశక్తిని భావించి బాహ్యస్మృతిని కోల్పోయెను. తెలివి వచ్చునప్పటికి బండి చాల దూరము సాగియుండెను. బండిలో ఒంటరిగ నుండుటచే ఎవరును ఎరుగరైరి. ధ్యానమున అట్లు పూర్తిగ లీనమగుట అతనికి అదియే మొదటిసారి యని ఆయన చరిత్రకారులు వ్రాసిరి.

రాయపూరు నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాజధాని. నాడది పెద్ద నగరము కాదు. ఊరిలోని బూఢాపారా పేటలో డే కుటుంబమువారి భవనమున దత్తుల కుటుంబము నివసించెనని అచటివారు నేటికిని చెప్పుకొందురు. రాయపూరులో నున్నంతకాలము నరేంద్రుడు బడికి పోలేదు. తండ్రియే అతనికి చదువు చెప్పెను. ఐతే ఆ చదువు పుస్తకమును వల్లెవేయించు చదువు కాదు. విశ్వనాథుడు ఒక విషయమును ఎత్తి, కుమారుని అభిప్రాయమును అడుగుచుండెను. ఆ అభిప్రాయమునకు తాను ఎదురు చెప్పి, దానిని నిలువబెట్టుకొనుటకు యుక్తులు వెదకుమని విడుచుచుండెను. కొన్నివేళల తండ్రి ఓడును, కొన్నివేళల కుమారుడు ఓడును. ఎవరు ఓడినను వాదము కోపమున ముగియదు. ఒక విషయములోని సారమును పట్టుకొనుట, సత్యమును అన్ని వైపుల నుండి చూచుట, చర్చలో మూలవిషయమును విడువకుండుట నరేంద్రుడు ఆ రోజులలోనే అభ్యసించెను. అది యెంతటి బలమో తరువాతి కాలమున లోకమంతయు చూచినది.

విశ్వనాథుని యింటికి ఆ పట్టణపు విద్వాంసులు తరచుగ వచ్చుచుండిరి. వారి గోష్ఠి జరుగునప్పుడు పిల్లలు లోపలికి పోవుట లోకమర్యాద. ఈ యింట అట్లు కాదు. నరేంద్రుడు మూలను కూర్చుండి వినుచుండెను. అప్పుడప్పుడు తండ్రియే అతనిని పిలిచి అభిప్రాయ మడుగుచుండెను. పెద్దలలో కొందరు అతనిని తమతో సమానునిగ చూచిరి. బంగసాహిత్యమున పేరుగాంచిన ఒక మిత్రుడు, ఆ భాషలోని ప్రసిద్ధ గ్రంథకర్తల రచనలను బాలుడు పుటలకు పుటలు అప్పగించుట విని ఆశ్చర్యపడి, ఏనాటికైనను నీ పేరు మేము వినగలమని చెప్పెనట.

ఐతే ఈ స్వేచ్ఛలో చిక్కు లేకపోలేదు. తన మాటకు విలువ నీయని పెద్దలను నరేంద్రుడు సహింపలేకపోయెను. తన్ను చిన్నవాడని త్రోసివేసినచో, వారు తండ్రి మిత్రులైనను ఎదురాడుచుండెను. ఇచట విశ్వనాథుడు మెత్తబడలేదు. స్నేహితుల యెదుట పొగరు చూపుట తప్పని కుమారుని గట్టిగ మందలించెను. లోలోపల మాత్రము ఆ ఆత్మాభిమానమునకు సంతోషించుచుండెను. తీగకు పందిరి వేయువాడు తీగను లాగి పొడుగు చేయడు; పశువుల నోటబడకుండ కంచె మాత్రము కట్టును. ఆ తండ్రి చేసినదియు అంతే. అభిమానమును పెరుగనిచ్చెను, అవినయమును పెరుగనీయలేదు. ఈ రెండింటికి నడుమనున్న సన్నని గీతను గుర్తించుటలోనే పెంపకమునందలి కష్టమంతయు ఉన్నది.

చదువొక్కటే కాదు. వంటలో నేర్పును నరేంద్రుడు రాయపూరులోనే తండ్రియొద్ద సంపాదించెను. చదరంగమును అచటనే నేర్చి పెద్దలను ఓడింపసాగెను. అతని గొంతులోని మాధుర్యమును గుర్తించి, సంగీతమున శ్రద్ధ కలిగించినవాడును తండ్రియే. పిమ్మట కలకత్తాలో గొప్ప గాయకులయొద్ద శిక్షణ నిప్పించెను. వంట ఆడవారి పనియనిగాని, పాట చదువునకు అడ్డనిగాని ఆయన తలపలేదు. తాను ప్రీతితో చేయుచున్నదానిని కుమారుని కన్నులయెదుట చేయుచుండెను. కుమారునికి ఇష్టమైనదానిని అతడు తీసికొనెను.

ఒకమారు నరేంద్రుడు తండ్రిని సమీపించి, నా కొరకు మీరేమి కూడబెట్టితిరని సూటిగ అడిగెను. పోయి అద్దమున నీ మొగము చూచుకొనుమని తండ్రి సమాధానము. ఎట్టి మనస్సును, ఎట్టి శరీరమును, ఎట్టి ధైర్యమును తాను పెంచి యిచ్చెనో చూచుకొమ్మని దాని భావము. నరేంద్రుడు మారు పలుకలేదు. లోకములో ఎట్లు మెలగవలెనని మరొకప్పుడు అడుగగా, దేనికిని ఆశ్చర్యమును ప్రకటింపకుమని చెప్పెను. రాజు కొలువులోను పేదవాని గుడిసెలోను ఒకే తీరున నిలువగలిగిన పరివ్రాజకునికి అంతకంటె తగిన ఉపదేశ మేమున్నది? చెప్పిన తండ్రికిగాని విన్న కుమారునికిగాని అప్పుడా సంగతి తెలియదు.

విశ్వనాథుని దానమును గూర్చి మాత్రము తండ్రి కొడుకుల అభిప్రాయములు వేరు. ఆయన పోషించు బంధువులలో కొందరు సోమరులు, కొందరు త్రాగుబోతులు. అట్టివారికి ధనమిచ్చుట తగదని నరేంద్రుడు తండ్రితో వాదించెను. లోకములోని దుఃఖమెంతటిదో నీవింకను ఎరుగవనియు, ఎరిగిననాడు ఆ దుఃఖమును క్షణమైన మరచుటకు త్రాగువారిపై నీకును జాలి కలుగుననియు తండ్రి చెప్పెను. కుమారుడు ఒప్పుకొన్నాడో లేదో తెలియదుగాని, ఆ మాట అతని హృదయమున నాటుకొనెను. ఆ నాటుకొన్నది మొలకెత్తుటకు కఠినమైన కాలము రావలసియుండెను.

1879లో కుటుంబము కలకత్తాకు మరలివచ్చెను. రెండేండ్లు బడి లేని బాలుని తరగతిలో చేర్చుకొనుటకు ఉపాధ్యాయులు మొదట సంశయించిరి. నరేంద్రుడు మూడేండ్ల పాఠములను ఒక్క యేట చదివి, ప్రవేశ పరీక్షలో మొదటి శ్రేణిని ఉత్తీర్ణుడయ్యెను. అతని పాఠశాల నుండి ఆ యేట మొదటి శ్రేణి పొందినవాడతడొక్కడే. తండ్రి సంతోషించి గడియారమొకటి బహుమానముగ నిచ్చెను. రాయపూరులో పోయినదనుకొన్న కాలము నిజముగ పోలేదని ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

విశ్వనాథునికి ఆశలు లేకపోలేదు. కుమారుడు తనవలె న్యాయశాస్త్రము చదువవలెననియు, మంచి సంబంధము చేసికొని గృహస్థు కావలెననియు ఆయన కోరెను. పెద్ద కట్నముతో సంబంధములు వచ్చెను. నరేంద్రుడు వివాహమునకు అంగీకరింపలేదు. 1881లో శ్రీరామకృష్ణుల దర్శనమైన పిమ్మట అతని మనస్సు దక్షిణేశ్వరమునకు ఈడ్వబడుచుండెను. పరివ్రాజకుడై పోయిన తండ్రిని ఎరుగని కుమారుడాయన. ఇప్పుడు తన కుమారుడును ఆ త్రోవనే త్రొక్కునేమో యను భీతి ఆయనకు లేకుండునా? ఐనను బలవంతపెట్టలేదు. చిన్ననాడు హుక్కాల ముందు ప్రశ్నను గౌరవించినవాడు, పెద్దనాడు అంతకంటె పెద్ద ప్రశ్నను అడ్డగింపలేకపోయెను. స్వేచ్ఛ నిచ్చుట యనగా తనకు ప్రియమైన త్రోవ నెన్నుకొను స్వేచ్ఛ నిచ్చుట మాత్రమే కాదు. తనకు నొప్పి కలిగించు త్రోవ నెన్నుకొను స్వేచ్ఛయు అందు చేరియున్నది.

1884వ సంవత్సరపు ఆరంభమున విశ్వనాథుడు గుండెజబ్బుచే హఠాత్తుగ మరణించెను. నరేంద్రుడు అప్పుడు వరాహనగరమున మిత్రుల నడుమ పాడుచుండగా రాత్రివేళ ఆ వార్త వచ్చినది. ఆదాయమునకు మించిన వ్యయము చేయుటచే మిగిలినవి అప్పులు. ఉపకారము పొందినవారు మొగము చాటుచేసిరి. బంధువులు ఇంటి కొరకై వ్యాజ్యము వేసిరి. తల్లి, తమ్ములు, చెల్లెండ్రు ఆకలిగొని యుండగా నరేంద్రుడు ఎండలో చెప్పులు లేక కచేరి నుండి కచేరికి తిరిగెను. ఇంట అన్నము చాలని దినములలో, తనకు బయట భోజనమునకు పిలుపు ఉన్నదని చెప్పి, ఆకలితోనే వెడలిపోవుచుండెను. తన ముద్ద నితరులకిచ్చు విద్యను ఎవరియొద్ద నేర్చెనో వేరుగ చెప్పనక్కరలేదు. దుఃఖమును ఎరిగిననాడు జాలి కలుగునన్న తండ్రి మాట అప్పుడు ఫలించెను. రేపటి చింత లేక చేసిన తండ్రి వ్యయము దోషమే. దాని ఫలమును భువనేశ్వరీదేవి, పిల్లలు కన్నీటితో అనుభవించిరి. దానిని కప్పిపుచ్చ పనిలేదు. కాని ఆ దోషము వెనుకనున్న హృదయమును కుమారుడు పోగొట్టుకొనలేదు. తండ్రి గుణమును గ్రహించి, లోపమును విడుచుట కూడ ఆ తండ్రి నేర్పిన స్వతంత్రబుద్ధియే.

ఆ కష్టకాలముననే శ్రీరామకృష్ణుల ప్రోత్సాహముతో నరేంద్రుడు ధనము కోరుటకు కాళికాలయమునకు మూడుమార్లు పోయెను. మూడుమార్లును వివేక వైరాగ్యములనే, జ్ఞాన భక్తులనే కోరి వచ్చెను. అతనివారికి ముతక కూడు ముతక గుడ్డకు లోటు రాదని గురుదేవుడు అభయమిచ్చెను. అటుపిమ్మట స్వామియై దేశమంతయు తిరుగునప్పుడును ఆయన తల్లిని మరువలేదు. ఖేత్రీ ప్రభువు ఆమెకు మాసమునకు 100 రూపాయలు పంపు ఏర్పాటు జరిగెను. 1901లో స్వామి తల్లిని వెంటబెట్టుకొని తూర్పు వంగదేశమునందలి తీర్థములను సేవింపజేసిరి.

రాయపూరు గోష్ఠిలో తన మాట వినవలెనని పెద్దలను పట్టుబట్టిన బాలుని మాటను 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాదులోని మహబూబు కళాశాలలో సుమారు వేయిమంది విని ముగ్ధులైరి. అమెరికాకు పోవు తన సంకల్పమును గూర్చి అచట ప్రసంగించిరి. ఆ యేట సెప్టెంబరు 11న చికాగో సభ ఆయన కంఠమును వినెను. విద్యను గూర్చి చెప్పునప్పుడెల్ల స్వామి, బిడ్డ మొక్కవంటివాడనియు, తానే పెరుగుననియు, పెద్దలు ఆటంకములను తొలగింప గలరుగాని పెంపజాలరనియు బోధించిరి. ఈ బోధకు మూలమైన వేదాంతము గ్రంథములయందు కలదు. దానిని ఆచరణలో ఆయన మొట్టమొదట చూచినది తమ యింటనే.

1902 జులై 4న స్వామి దేహము చాలించిరి. తల్లి 1911 వరకు జీవించెను. రాయపూరు ఆ బాలుని మరువలేదు. అచటి వివేకానందాశ్రమము 1968లో రామకృష్ణ మిషనులో చేరి విద్యాసేవను, వైద్యసేవను చేయుచున్నది. నగరపు విమానాశ్రయమునకు 2012లో ఆయన పేరు పెట్టిరి. ఎడ్లబండిపై పదునైదు దినములు పోయిన ఊరికి నేడు గంటలలో చేరవచ్చును. కాని బిడ్డ హృదయమునకు చేరు త్రోవ నేడును నాటి త్రోవయే. దానికి దగ్గరి దారి లేదు. మనము ఏమి కావలెనని బిడ్డను కోరుచున్నామో అది మొదట మనయందు కనబడవలెను. కనబడిన పిమ్మట, తీసికొనుటయో విడుచుటయో వానికి వదలవలెను. విశ్వనాథుడు కొడుకునకు ఆస్తి నీయలేకపోయెను. అద్దమున చూచుకొనదగిన మొగము నిచ్చెను. లోకమునకు అదియే చాలినది.